180 గంటల్లో ఒక ఊరి దోవ: సీఎస్పీలో మానవ హక్కుల ప్రాజెక్టు ఎలా చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. అందరం సీఎస్పీ అంటాం. 180 గంటలు, 4 క్రెడిట్లు, ఒక లాగ్ బుక్కు, చివర్లో రిపోర్టు. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో ఉన్నవాళ్లకు, అటు తెలంగాణలో చదివేవాళ్లకైనా సరే, ఇలాంటి అవకాశమే ఇంకో దారిలో వస్తుంది: ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు, మధ్యలో దత్తత గ్రామంలో 7 రోజుల స్పెషల్ క్యాంపు.

ఎక్కువమంది మొక్కలు, ప్లాస్టిక్, డిజిటల్ చెల్లింపులు లాంటి టాపిక్ ఎంచుకుంటారు. మానవ హక్కులు అనగానే "గొడవలొస్తాయేమో మేడమ్" అని వెనకడుగు వేస్తారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పని సరిగ్గా చేయకపోతే గొడవ వస్తుంది. మీరు బస్సెక్కి వచ్చేస్తారు, దాన్ని మోయాల్సింది ఊళ్లో ఉండిపోయేవాళ్లు. నేను గుంటూరు వైపు ఒక కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను, చాలా ఏళ్లు ఎన్ఎస్ఎస్ చూశాను. మా పిల్లలతో తిరిగి నేర్చుకున్నది, పొరపాట్లతో సహా, ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ఒక్క ప్రశ్న తేల్చుకోండి

"మా గ్రామంలో మానవ హక్కులపై అవగాహన" అని టైటిల్ పెట్టుకుంటే 180 గంటలూ ఎటు పోయాయో తెలీదు. ప్రశ్న ఎంత చిన్నదైతే పని అంత బాగా సాగుతుంది. ట్యాంకు నీళ్లు ఏ వీధికి ఎంతసేపు వస్తున్నాయి? పదో తరగతి పాసైన ఆడపిల్లల్లో ఇంటర్‌లో చేరనివాళ్లు ఎవరు, ఎందుకు చేరలేదు? ఎవరైనా చనిపోతే శవాన్ని ఏ దోవన తీసుకెళ్తున్నారు? ఇలాంటివి. ప్రతి ప్రశ్న వెనకా రాజ్యాంగంలో ఒక అధికరణ ఉంటుంది. బావులు, చెరువులు, రోడ్లు, హోటళ్లు అందరివీ అని 15(2) చెబుతుంది. అంటరానితనాన్ని 17 రద్దు చేసింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువుకు 21ఎ ఉంది. అయితే అధికరణ చేతిలో పట్టుకుని దానికి తగ్గ సమస్య కోసం వెతక్కండి. ఊళ్లో ప్రశ్న దొరికాక అధికరణ దగ్గరికి వెళ్లండి.

ఊరి ఎంపికలో ఒక చిక్కుంది. సొంత ఊరైతే పరిచయాలుంటాయి, నిజమే. కానీ మీ ఇంటిపేరు వినగానే మీరెవరో అందరికీ తెలిసిపోతుంది, మాట దానికి తగ్గట్టు మారిపోతుంది. అందుకని జట్టులో అన్ని వైపుల పిల్లలూ ఉండాలి. మా వైపు దళితవాడను పల్లె అంటారు, మిగతాదాన్ని ఊరు అంటారు. ఊరివాళ్లు, పల్లెవాళ్లు కలిసి ఉన్న జట్టయితే రెండు చోట్లా తలుపులు తెరుచుకుంటాయి.

ప్రిన్సిపాల్ ఉత్తరం తీసుకుని పంచాయతీ కార్యదర్శినీ సర్పంచ్‌నూ కలవండి. పల్లె పెద్దలను విడిగా, వాళ్ల ఇళ్లకే వెళ్లి కలవండి. సర్పంచ్‌తో కబురు పెట్టించి పిలిపిస్తే మొదటి రోజే మీరు ఎవరి మనుషులో తేలిపోయినట్టే.

2. ఫారం తీయకముందు ముగ్గుపిండి తీయండి

కేజీ ముగ్గుపిండి, కాస్త పసుపు, నాలుగు బొగ్గుముక్కలు, డబ్బాడు చింతపిక్కలు. మొదటి వారానికి ఇవి చాలు. ఊరి పటాన్ని ఊరివాళ్లే నేల మీద గీయడాన్ని సోషల్ మ్యాప్ అంటారు. ఇది ఎందుకింత ముఖ్యమో మాకు ఒక సాయంత్రం అర్థమైంది.

అంతకు ముందు రోజు మా పిల్లలు పల్లెలో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుకొచ్చారు. "మీ గ్రామంలో వివక్ష ఉందా?" అన్న ప్రశ్నకు ఒక్క ఇంట్లో కూడా ఉందని చెప్పలేదు. "అట్టాంటియ్యేం లేవు బాబూ" అనే అందరి జవాబూ. మర్నాడు ఆడవాళ్లు పనుల నుంచి వచ్చి నీళ్లు పట్టుకున్నాక, వేపచెట్టు కింద నేల ఊడ్చి, నీళ్లు చల్లి, మన ఊరి బొమ్మ గీద్దాం రమ్మన్నాం. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక మామ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుని కూర్చుంది. చిటికెడు పిండి తీసుకుని ముందు కాలవ గీసింది. ఆపైన బడి, రామాలయం, ట్యాంకు. పిల్లలు చుట్టూ చేరి ఇంటికొక చింతపిక్క పెట్టుకుంటూ పోయారు, మా ఇల్లు ఇక్కడ కాదు అక్కడ అని పోట్లాడుకుంటూ.

వల్లకాడు ఎక్కడ మామ్మా అంటే ఊరికి అవతల బొగ్గుముక్క పెట్టింది. పల్లె నుంచి అక్కడికి దోవ గీయమన్నాం. ఆమె చెయ్యి ఊరి వెనగ్గా పోయి, కాలవ కట్ట మీదుగా పెద్ద వంపు తిరిగింది. మా సెకండియర్ అమ్మాయి ఒకతె నేల మీద వేలు పెట్టి, "ఇటు డొంక ఉందిగా మామ్మా, నేరుగా పోవచ్చుగా?" అంది. ఆమె తలెత్తకుండానే, "డొంకన పీనుగను పోనియ్యరుగా అమ్మా" అని, గీసిన వంపు మీద ఇంకాస్త పిండి పోసింది. పక్కన నిలబడ్డ ఒకాయన, వానాకాలం కట్ట మీద మోకాటి లోతు బురద అని చెప్పి, ఆ బురదలో పాడె ఒరగకుండా ఎలా పట్టుకుంటారో రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

నిన్న ఫారంలో లేదని చెప్పినవాళ్లే వీళ్లంతా. అబద్ధం చెప్పాలని కాదు. తరాల నుంచి అలా నడుస్తున్న దానికి వివక్ష అనే పుస్తకాల మాట తగిలించి ఎవరూ ఆలోచించరు. ఆ సాయంత్రం మా ప్రశ్న దానంతటదే దొరికింది.

మీరు చేసేటప్పుడు ఆడవాళ్లతో ఒకటి, కుర్రాళ్లతో ఒకటి, ఊళ్లో ఒకటి, ఇలా కనీసం మూడు పటాలు గీయించండి. ఒక పటంలో ఉన్నది ఇంకో పటంలో ఎందుకు లేదో చూడండి. అడిగి పటాన్ని మాత్రమే ఫొటో తీయండి, మనుషులు పడకూడదు. అదే రోజు రాత్రి చార్టు మీదకు ఎక్కించండి, తెల్లారేసరికి కోళ్లు చింతపిక్కలను చెదరగొట్టేస్తాయి.

3. ప్రశ్నల్లో మాటలు

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని మొదటి అధికరణ చిత్తుప్రతిలో మనుషులందరూ అనడానికి మగవాళ్లకు వాడే మాటే వాడారు. మన దేశ ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి దాన్ని మనుషులందరికీ వర్తించే మాటగా మార్పించారు. లేకపోతే ఆడవాళ్లు ఇందులోకి రారని వాదించే దేశాలు ఉంటాయని ఆమెకు తెలుసు. మీ ఫారంలో ప్రతి మాటనూ ఆ కంటితోనే చూడండి.

"వివక్ష ఉందా?" అని అడక్కండి. "పోయినసారి ఊళ్లో హోటల్‌కి వెళ్లినప్పుడు టీ ఏ గ్లాసులో ఇచ్చారు? తాగాక గ్లాసు ఎవరు కడిగారు?" అని అడగండి. "ఆడపిల్లల చదువు హక్కు గురించి తెలుసా?" అనే బదులు "మీ అమ్మాయి బడి మానేసిన రోజు ఏం జరిగింది?" అనండి. జరిగిన రోజు, చోటు, మనిషి గురించి అడిగితే జవాబులో కథ వస్తుంది. అభిప్రాయం అడిగితే మర్యాద వస్తుంది. ముందు మూడు ఇళ్లలో అడిగి చూసి, ఇబ్బంది పెట్టిన ప్రశ్నను తీసేయండి. పది ప్రశ్నలు దాటొద్దు.

4. పేరు, ఫొటో, ఫోన్ నంబరు

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. ఒక ఫిబ్రవరి క్యాంపులో మా కుర్రాడొకడు ఒక మిర్చి కూలీతో మాట్లాడాడు. ఆమె కూలి డబ్బుల గురించి, అందులో రైతు పట్టుకునే డబ్బుల గురించి చెప్పింది. వాడికి గుండె కరిగిపోయింది. ఆమె ఫొటో, మాటలూ కలిపి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. సాయంత్రానికి అది ఆ రైతు ఫోన్లో ఉంది. ఆ సీజన్ కోతలు నడుస్తుండగానే రెండు వారాలు ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. మేం వెళ్లి క్షమాపణ చెబితే, "పోనీలే అమ్మా, పిల్లాడు" అంది. ఆ రెండు వారాల కూలి ఎవరివ్వాలి? ముందుగా చెప్పని తప్పు నాది.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. పుస్తకంలో పేర్లుండవు, ఇంటికొక నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో ఉన్న కాగితం మెంటర్ (ప్రాజెక్టు చూసే లెక్చరర్) బీరువాలో. ఆధార్ నంబరు అసలు అడగం. గూగుల్ ఫారం నింపితే దాని లింకు జట్టులో ఇద్దరికే తెరుచుకోవాలి. మాట్లాడే ముందు, "ఇది మా చదువు కోసం. మీకు ఇష్టం లేని ప్రశ్న వదిలేయండి, మధ్యలో ఆపమన్నా ఆపేస్తాం. దీనివల్ల మీకు ఇల్లో పింఛనో వస్తుందని చెప్పలేం" అని చివరి వాక్యంతో సహా చెప్పాలి. ఆ చివరి మాట చెప్పకపోతే జనం మీ వెనక ఆశతో తిరుగుతారు. ప్రాజెక్టు రోజుల్లో స్టేటస్‌లు, రీల్స్ బంద్.

5. రికార్డు చేతికి రావాలి

ఊళ్లో ఆనవాయితీ ఒకటి ఉంటుంది, రెవెన్యూ రికార్డు ఇంకొకటి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టడమే మీరు చేయగల అతి గట్టి పని. మా ఊరి దోవ సంగతే చూడండి. గ్రామ నక్షాలో (ఊరి భూముల పటం), అడంగల్‌లో (భూముల వివరాల రిజిస్టరు) అది డొంక పోరంబోకు. అంటే అందరి దారి, ఎవరి సొంతమూ కాదు. ఈ ఒక్క మాట కాగితం మీద కనిపించాక మాట్లాడే తీరే మారిపోయింది.

దీనికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ సీఎస్పీకి ఉన్న టైమే తక్కువ కాబట్టి దరఖాస్తు మొదటి వారంలోనే పడాలి. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు. వాక్యం సూటిగా ఉండాలి: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు వర్గీకరణ, విస్తీర్ణం తెలుపుతూ గ్రామ నక్షా ధ్రువీకరణ ప్రతి ఇప్పించగలరు." ఊరివాళ్ల పేరు మీద వేయించకండి. మీ పేరుతో, కాలేజీ అడ్రసుతో వేయండి. కాగితం ఎవరి పేరున కదిలితే కోపం వాళ్ల గుమ్మానికి వెళ్తుంది.

చట్టాల్లో మీరు తెలుసుకోవాల్సినవి కొన్నే. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఈ రెండో దానికి 2015లో చేసిన సవరణ, శ్మశానాన్నీ ఉమ్మడి వనరులనూ అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం నేరమని విడిగా పేర్కొంది. ఇవి తెలుసుకుని ఉండండి, అంతే. ఊళ్లోకి వెళ్లి సెక్షన్లు చెప్పి బెదిరించడం మీ పని కాదు. లాయర్ సాయం కావాల్సినవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 ఇవ్వండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు. ఈ సంగతి ఊళ్లలో చాలామందికి తెలీదు. ఈ ఒక్కటి ఇంటింటికీ చెప్పినా మీ రెండు రోజులు వృథా కావు.

సర్వే మధ్యలో బాల్యవివాహం జరగబోతోందనో, ఇంట్లో ఎవరినో కొడుతున్నారనో తెలిస్తే అది ఇక ప్రాజెక్టు విషయం కాదు. పిల్లలైతే 1098, ఆడవాళ్లైతే 181. అదే రోజు మెంటర్‌కు చెప్పండి. లాగ్ బుక్కులో ఆ వివరం రాయకండి.

6. రెండు వైపుల కుర్రాళ్లతో

2015 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2250 నంబరు తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏళ్ల యువతను గొడవలకు కారణంగానో, బలైపోయేవాళ్లుగానో చూడటం మాని శాంతి నిర్ణయాల్లో కూర్చోబెట్టాలన్నది దాని సారాంశం. న్యూయార్క్‌లో చేసిన తీర్మానం మనకెందుకు అనిపించొచ్చు. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద మొదలైన నిరసన మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టేదాకా పోయింది. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో మీ ఈడు కుర్రాళ్లు ఎంతోమంది. ఫోన్లో వచ్చిన ఒక మెసేజ్ చూసి బయల్దేరినవాడికి ఆ తర్వాత ఉద్యోగం, పాస్‌పోర్టు, అన్నిటికీ ఆ కేసు అడ్డం నిలబడుతుంది.

ముందు రెండు వైపులవాళ్లతో విడివిడిగా కూర్చోండి. అయిదారుగురు చాలు. "పోయిన గొడవ ఏ రోజు, ఎక్కడ, ఏ మాటతో మొదలైంది?" అని అడిగి ఒక క్యాలెండర్ తయారు చేయండి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి ఊరేగింపు, శ్రీరామనవమి పందిరి, వినాయక నిమజ్జనం, క్రికెట్ టోర్నీ, ఎన్నికలు, హీరోల పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఏ ఊళ్లోనైనా టెన్షన్ ఈ తేదీల చుట్టూనే తిరుగుతుంది. ఒక్కో తేదీకి ఎదురుగా ఊరేగింపు ఏ దోవన పోతుంది, డీజే ఎన్నింటికి ఆపుతారు, ఫ్లెక్సీ ఎక్కడ కడతారు అనేది ముందే రాసి పెట్టండి. ప్రతి వైపు నుంచి ముగ్గురి నంబర్లు. అవతలి వైపు గురించి ఏ ఫార్వర్డ్ వచ్చినా పంపేముందు అవతలి ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేయాలి. "అరేయ్, ఇది నిజమేనా?" అని ఒక్క ఫోను. మేం చేసినవాటిలో బాగా నిలబడింది ఇదే.

తర్వాతే కలిపి పని. చాలామంది మొదటి రోజే రెండు వైపులవాళ్లను కలిపి క్రికెట్ ఆడించి, చేతులు కలిపించి ఫొటో తీస్తారు. నాకు అది నచ్చదు. దోవ సంగతి తేల్చకుండా ఆట ఆడిస్తే, పల్లె కుర్రాడు మ్యాచ్ అయ్యాక మళ్లీ కాలవ కట్ట మీదుగానే తాతను మోసుకెళ్లాలి. అతన్ని నవ్వమని అడగడం అన్యాయం. రికార్డు చేతికొచ్చాక, డొంకలో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టే పనికి రెండు వైపులవాళ్లనూ పిలిచాం. ఊరి కుర్రాళ్లు ఇద్దరు, "ఎందుకలా పెట్టారో మాకూ తెలీదు మేడమ్. డొంక మా చేను పక్క నుంచే పోతుంది. మేం అడ్డం రాం" అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి మాత్రం వాళ్లకు వారం పట్టింది. ఆ వారం మేం తొందరపెట్టలేదు. మీరూ పెట్టొద్దు.

ఒక్కోసారి పెద్దమనుషులు మిమ్మల్ని పక్కకు పిలిచి, "మీరు చదువుకున్నవాళ్లు, పల్లెవాళ్లకు నచ్చజెప్పి రాజీ చేయండి" అంటారు. కేసు నమోదైన విషయంలో వేలు పెట్టకండి. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, విద్యార్థులు పంచాయితీ చేసేది కాదు. "మా కాలేజీ ఒప్పుకోదండీ" అని చెప్పి వచ్చేయండి.

7. మైకు ఎవరి చేతిలో

నెలాఖరున, మామూలుగా 30వ తేదీన, గ్రామాల్లో పౌర హక్కుల దినోత్సవం జరపాలి. తహసీల్దారు, ఎస్సై, సంక్షేమ శాఖవాళ్లు వస్తారు. మీరు విడిగా షామియానా వేయక్కర్లేదు, ఆ సభకే మీ పటం, మీ రికార్డు ప్రతి తీసుకెళ్లండి. మండల ఆఫీసులో పది రోజుల ముందు అడిగి మీ ఊరి తేదీ కనుక్కోండి. అక్కడ మాట్లాడాల్సింది మీరు కాదు. ముగ్గుపిండితో దోవ గీసినవాళ్లలో ఎవరు మాట్లాడతామంటే వాళ్లు. ఎవరూ మాట్లాడలేమంటే పటం గోడకు తగిలించి, అర్జీ చేతికిచ్చి, రసీదు తీసుకుని రండి.

1991లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిపిన వాలంటీర్లను నేను తరచూ తలుచుకుంటాను. పాఠంలో ఒక ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ ఉంది. దూబగుంటలో ఆడవాళ్లు అది చదువుకున్నారు, మాట్లాడుకున్నారు, తమ ఊరి కొట్టు మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. కొట్టు దగ్గరికి పదండని వాలంటీరు ముందు నడవలేదు. కళాజాత ఆడినా, వీధి నాటకం వేసినా కథను సగంలో ఆపి, తర్వాత ఏం జరగాలో చూసేవాళ్లనే చెప్పమనండి.

8. రిపోర్టు, అప్పగింత

రిపోర్టు కాలేజీకి ఒకటి, పేర్లు తీసేసి రెండు పేజీల్లో తేలిక తెలుగులో పంచాయతీకి ఒకటి, పల్లెలో అందరూ చూసే చోట ఒకటి. మార్కుల కోసం అన్నీ విజయాలే రాయకండి. ఎవరు మాట్లాడటానికి ఒప్పుకోలేదు, ఏ దరఖాస్తుకు జవాబు రాలేదు, మీటింగుకు ఎందుకు ఆడవాళ్లు రాలేదు, ఇవి రాసిన రిపోర్టులే తర్వాతి బ్యాచ్‌కు పనికొచ్చాయి.

మా డొంక ఒక బ్యాచ్‌తో తేలలేదు. సర్వేయర్ వచ్చి రాళ్లు పాతడానికే రెండో బ్యాచ్ వచ్చేసింది. సగం దోవ తెరుచుకుంది. మిగతా సగంలో ఒకాయన వేసిన గడ్డివాము ఇంకా ఉంది, తీయించమని అర్జీ నడుస్తోంది. అందుకే ఆఖరి రోజు పిల్లలు మళ్లీ వేపచెట్టు కింద ముగ్గుపిండి పోశారు. మామ్మ ఈసారి డొంక మీద గీత గీసి, గడ్డివాము దగ్గర ఆపి, అక్కడ ఒక చింతపిక్క పెట్టింది. ఆ పటం చార్టు మీదకెక్కించి, కింద తేదీ, సర్వే నంబరు, అర్జీ రసీదు నంబరు వేసి, జూనియర్ లీడర్ చేతికిచ్చాం. మళ్లీ ఎప్పుడొస్తామో ఆ చార్టు మీదే రాసి, అదే తేదీ పల్లెలోనూ చెప్పి బయల్దేరాం.